పెద్ద వయసులో ఈత: ఏ దారిని ఎంచుకొనవలెను?

(పరాభవ నామ సంవత్సర ఉగాది సందర్భమున బొమ్మసంద్రలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణము ముగిసిన తరువాత ఎవరైన ఒకరు సాహిత్యమును గూర్చియో, భాషను గూర్చియో నాలుగు మాటలు చెప్పుట మన సంఘమున ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నా యింటికి వచ్చి, "అన్నా, కవిత్వము ప్రతి యేడూ వింటున్నాము. నీ ఈత సంగతి చెప్పు. మన కుర్రవాళ్ళు నలుగురైదుగురు ఆ మూడు పోటీల పిచ్చిలో పడినారు, వాళ్ళకు పనికివస్తుంది" అన్నారు. నేను పండితుణ్ణి కాను, ఈతగాళ్ళలో మేటినీ కాను. పారిశ్రామికవాడలో యంత్రముల మధ్య ఇరువది మూడేండ్లు గడిపినవాణ్ణి. అయినను ఒక విద్యలో బాగుగా దెబ్బ తిన్నవాని మాట ఒక్కొక్కప్పుడు గెలిచినవాని మాటకన్న ఎక్కువ ఉపకరించునని ధైర్యము చేసి నిలబడినాను. ఈ సంవత్సరము పేరే పరాభవ. కనుక నా పరాభవముతోనే మొదలుపెట్టుట సమయోచితము.

ముందు ఆ మూడు పోటీలేమిటో తెలియనివారికి చెప్పవలెను. ట్రయాథ్లాన్ అనగా ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని నడుమ విరామము లేక వరుసగా ముగించు పందెము. 1974లో అమెరికాలోని సాన్ డియేగో నగరమున ఆ పేరుతో తొలి పందెము జరిగినది. 1978లో హవాయి దీవులలో పదిహేనుగురు బయలుదేరి 3.8 కిలోమీటర్లు సముద్రమున ఈది, 180 కిలోమీటర్లు సైకిలు త్రొక్కి, ఆ పిమ్మట 42 కిలోమీటర్లకు పైగా పరుగెత్తినారు. పన్నెండుగురు మాత్రము గమ్యము చేరినారు. అదియే నేటి ఐరన్‌మ్యాన్ పోటీకి మూలము. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దొరికినది. అక్కడి దూరములు కొంచెము దయగలవి: ఒకటిన్నర కిలోమీటరు ఈత, నలుబది కిలోమీటర్ల సైకిలు, పది కిలోమీటర్ల పరుగు. ఆ సిడ్నీ క్రీడలలోనే మన బెంగుళూరు ఆడపడుచు నిషా మిల్లెట్ 200 మీటర్ల ఈతలో మన దేశము తరఫున పాల్గొన్నారు. మన దేశమున 2019 నుండి గోవాలో ఐరన్‌మ్యాన్‌లో సగము దూరపు పోటీ జరుగుచున్నది. అందులో ఈత 1.9 కిలోమీటర్లు, అదియు సముద్రమున.

మూడింటిలో మనబోటి వారిని భయపెట్టునది ఈత యొక్కటే. పరుగు అందరికి వచ్చును. సైకిలు చిన్ననాడు అద్దెకు తీసుకొని మోకాళ్ళు చెక్కుకొని నేర్చినదే. ఈత మాత్రము వచ్చినవారికి వచ్చును, రానివారికి రాదు, అంతే. నాది మదనపల్లె ప్రాంతపు పల్లెటూరు. మా ఊరి పిల్లలందరు నడుమునకు బెండ్లు కట్టుకొని మోటబావిలో దుమికి ఈత నేర్చినారు. నేను మాత్రము గట్టుమీద వారి చొక్కాలకు కాపలా కూర్చుంటిని. కారణ మేమనగా, నా జాతకములో జలగండ మున్నదని ఎవరో మా అమ్మకు చెప్పినారు. అమ్మను నేను తప్పుపట్టను. మా ఊరి బావులు ఏటా ఒకరినో ఇద్దరినో తీసుకొనుచుండెను. ఒక్కడే కొడుకు గల తల్లికి జాతకము ఒక సాకు మాత్రమే.

ముప్పదితొమ్మిదవ యేట డాక్టరు నా నెత్తురు పరీక్ష చూచి చక్కెర ఎక్కువైనదన్నారు. పరుగు మొదలుపెట్టినాను, తరువాత సైకిలు. చక్కెర దిగినది, ఒళ్ళు తేలికైనది, దానితోపాటు ఆశ పెరిగినది. నలుబది యొకటవ యేట ఒక అపార్టుమెంటు వారి చిన్న కొలనులో గోడలు పట్టుకొని, ముక్కులో నీళ్ళు పోసుకొని, ఎట్లో అటు నుండి ఇటు పోవుట నేర్చినాను. కొన్ని నెలలకు ముప్పది సార్లు అటూ ఇటూ తిరుగగలిగితిని. ఇక నాకు ఈత వచ్చినదనుకొన్నాను. 2023లో పడమటి తీరమున ఒక పోటీకి పేరిచ్చినాను. ఈత ఒకటిన్నర కిలోమీటరు.

ఆనాడు సముద్రము శాంతముగానే ఉన్నది. నేనే శాంతముగా లేను. మొదటి నాలుగు వందల మీటర్లలోనే ఊపిరి అందలేదు. కాళ్ళు క్రిందికి దిగిపోవుచుండెను, తల పైకెత్తుచుంటిని, తల ఎత్తినకొద్దీ కాళ్ళు ఇంకను దిగుచుండెను. పట్టుకొనుటకు గోడ లేదు, క్రింద నేల లేదు. చేయి పైకెత్తినాను. చిన్న పడవలో ఉన్న కుర్రవాడు వచ్చి పట్టు ఇచ్చినాడు. ఒడ్డుకు చేర్చినాడు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి, "అలలు ఎక్కువగా ఉన్నవని ఈత రద్దు చేసినారు" అని నా భార్యతో అబద్ధమాడితిని. మూడు దినములు గడిచినవో లేదో, తోటివాడొకడు పెట్టిన ఫోటోల వలన ఆమెకు నిజము తెలిసినది. ఆమె తిట్టలేదు. "నీళ్ళకు కాదు, మాకు చెప్పడానికి భయపడినావు. అదే నాకు భయముగా ఉంది" అన్నది. ఆ మాట నన్ను సముద్రముకన్న ఎక్కువ ముంచినది. ఆమె ఒక షరతు పెట్టినది: మానివేయవలెను, లేదా సరిగా నేర్చుకొనవలెను, నడుమ నున్నది వద్దు. సరిగా నేర్చుకొనుట ఎట్లు? ఏ దారిని? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు నాకు సంవత్సరము పైన పట్టినది. ఆ జవాబే ఈనాటి నా ఉపన్యాసము.

మొదటి మాట. పరుగులో పనికివచ్చిన సూత్రము ఈతలో పనికిరాదు. పరుగు బాగుపడవలెనన్న ఎక్కువ పరుగెత్తవలెను. నేను ఈతకును అదే మందు వేసినాను. వారమునకు నాలుగు దినములు, రొప్పుచు రోజుచు, అదే చెడ్డ ఈత. ఫలితముగా చెడ్డ ఈతలో గట్టివాణ్ణయినాను, కుడి భుజము నొప్పి పట్టినది. కారణము తేలికగానే అర్థమగును. నీరు గాలికన్న సుమారు ఎనిమిది వందల రెట్లు దట్టమైనది. పైగా వేగము రెట్టింపు చేయబోయిన నీటి అడ్డగింపు నాలుగింతలగును. కనుక బలముతో నీటిని గెలువబోవుట అప్పు తెచ్చి వడ్డీ కట్టినట్లు. బలము పెంచుటకు ముందు అడ్డగింపు తగ్గించుకొనవలెను. సన్నని పడవకును, తలుపు చెక్కకును ఉన్న తేడా అదియే. నేను తలుపు చెక్కగా ఈదుచుంటిని.

రెండవ మాట. మందుకు ముందు రోగము తెలియవలెను. పెద్ద వయసులో ఈత నేర్చినవారి రోగములు ముఖ్యముగా మూడు: ఊపిరి, ఒడ్డిక, బార.

ఊపిరి సంగతి. మనము తల నీటిలో పెట్టినప్పుడు భయముతో ఊపిరి బిగబట్టుదుము. తల త్రిప్పిన క్షణములో వదలి, పీల్చి, రెండు పనులు చేయబోవుదుము. సమయము చాలదు. ఊపిరాడని ఆ బాధకు అసలు కారణము ప్రాణవాయువు చాలకపోవుట కాదు, లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకొనుట. కనుక మొగము నీటిలో ఉన్నంతసేపు మెల్లగా, తెగకుండ ఊపిరి వదలుచుండవలెను. తల త్రిప్పినప్పుడు పీల్చుట యొక్కటే పని.

ఒడ్డిక సంగతి. ఊపిరితిత్తులు గాలి సంచులు, అవి తేలును. కాళ్ళు బరువైనవి, అవి మునుగును. శరీరము త్రాసు వంటిది. తల పైకెత్తిన తట్ట ఆ వైపు లేచి, ఈ వైపు నడుము, కాళ్ళు దిగిపోవును. చూపు క్రిందికి నిలిపి, మెడ వదులు చేసి, రొమ్మును నీటిపై కొంచెము ఆనించినట్లుంచిన నడుము తనంతట పైకి వచ్చును. మన పల్లెల్లో బావి ఈత వచ్చినవారు కూడ తల పైకెత్తియే ఈదుదురు. వారు మునుగరు గాని దూరము పోవుటకు అది పనికిరాదు. కనుక "నాకు చిన్నప్పటి నుండి ఈత వచ్చును" అను సోదరులు కూడ ఈ పరీక్షలో కూర్చుండవలసినదే.

బార సంగతి. అరచేతితో నీటిని క్రిందికి కొట్టిన శరీరము పైకి లేచునే గాని ముందుకు పోదు. మోచేయి ఎత్తున ఉంచి, అరచేయి ముంజేయి కలసి ఒక తెడ్డుగా నీటిని వెనుకకు నెట్టవలెను. చేయి నెత్తి ముందు గీతను దాటి రెండవ ప్రక్కకు పోయిన శరీరము పాము వలె మెలికలు తిరుగును. నా భుజము నొప్పికి మూలము ఆ అడ్డదిడ్డపు బారయే.

ఈ మూడింటిని ఇదే వరుసలో బాగుచేయవలెను. ఊపిరి కుదరక ఒడ్డిక కుదరదు. ఒడ్డిక కుదరక బార దిద్దుట పునాది లేని గోడకు సున్నము కొట్టుట.

ఇప్పుడు దారుల సంగతి. నా ఎరుకలో నాలుగు దారులున్నవి. నాలుగింటిని త్రొక్కి చూచినాను.

మొదటిది సొంతముగా నేర్చుట. పుస్తకములున్నవి, ఫోనులో ఎన్నో దృశ్యములున్నవి. ఖర్చు లేదు. అమెరికావాడు టెర్రీ లాఫ్లిన్ 1996లో టోటల్ ఇమ్మర్షన్ అను పుస్తకము వ్రాసి, పెద్దవారికి బలముకన్న ముందు తేలుట, ఒడ్డిక నేర్పవలెనని ప్రచారము చేసినాడు. ఆయన 2017లో కన్నుమూసినను ఆ పద్ధతి వలన నీటి భయము పోగొట్టుకొన్నవారు దేశదేశముల ఉన్నారు. మరికొందరు శిక్షకులు, ప్రతి బారకు నడుమ చేయి చాచి సాగుచు ఆగిపోవుట అలల నీటిలో పనికిరాదనియు, అక్కడ బారల వడి కొంత ఎక్కువగా ఉండవలెననియు అందురు. ఇద్దరి మాటయు నిజమే. మొదటిది మునిగిపోవువానికి, రెండవది తేలుట నేర్చినవానికి. నేను రెండింటిని ఒక్క నెలలోనే కలిపి మ్రింగి అజీర్తి తెచ్చుకొంటిని. సొంత విద్యలోని పెద్ద లోపము మరొకటి ఉన్నది. మన ఈత మనకు కనపడదు. చేయి తిన్నగా పెట్టుచున్నానని మనస్సు చెప్పును, చేయి మాత్రము తన దారిన పోవును. అందుచేత ఈ దారి త్రొక్కువారు తప్పక మరొకరిచేత తమ ఈతను చిత్రము తీయించుకొని చూచుకొనవలెను.

రెండవది గుంపు శిక్షణ. పదిపదునైదుగురు ఒకచోట చేరి, శిక్షకుడు పలకపై వ్రాసిన దూరములు ఈదుట. ఇందులో ఉత్సాహమున్నది, క్రమము తప్పదు, ఖర్చు పంచుకొనబడును. కాని పదునైదుగురిలో ఒకని మోచేయిని చూచు తీరిక శిక్షకునికి ఉండదు. నేను చేరినచోట పన్నెండేండ్ల పిల్లలు నన్ను దాటిపోవుచుండిరి, వారిని అందుకొనుటకు నేను ఇంకను చెడ్డగా కొట్టుకొనుచుంటిని. గుంపు శిక్షణ ఈత సరియైన తరువాత దమ్ము పెంచుటకు మంచిది. సరిచేసికొనుటకు కాదు.

మూడవది ఒక్కొక్కరికి విడిగా పాఠము. అన్నింటికన్న త్వరగా ఫలమిచ్చునదియే, అన్నింటికన్న ఖరీదైనదియు అదియే. నేను మొదట ఒకచోట కట్టిన ఒక్కొక్క పాఠపు రుసుము మా యింటి నెల పాలఖర్చులో సగమున్నది. ఆ శిక్షకుడు మంచి ఈతగాడు, పతకములున్నవాడు. కాని ఆరేండ్ల వయసులో ఈత నేర్చినవానికి నలుబదియేండ్ల వాని భయము అర్థము కాలేదు. "చేయండి సార్, వచ్చేస్తుంది" అనుటయే గాని ఎందుకు రాలేదో చెప్పలేదు. ఆరు పాఠములైన తరువాత మానుకొంటిని. తప్పు ఆయనది కాదు. నేను ఆయన పతకములు చూచితినే గాని, పెద్దవారికి నేర్పిన అనుభవ మున్నదా అని అడుగలేదు.

నాలుగవది ఒకటి రెండు దినముల ప్రత్యేక శిబిరము. నీటి పైనుండి, నీటి లోపలి నుండి మన ఈతను చిత్రము తీసి, మన ప్రక్కనే కూర్చుండి తప్పులు చూపుదురు. ఈ పద్ధతికి పెద్ద వంశమే ఉన్నది. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయపు శిక్షకుడు జేమ్స్ కౌన్సిల్‌మన్ నీటి అడుగున చిత్రములు తీసి బారలను పరిశీలించి, 1968లో ఈతశాస్త్రమును గూర్చి గ్రంథము ప్రకటించినాడు. సుప్రసిద్ధుడైన మార్క్ స్పిట్జ్ ఆయన శిష్యుడే. ఆ గురువు 1979లో, తన యాబది యెనిమిదవ యేట, ఇంగ్లీషు చానెలును తానే ఈది దాటినాడు. శిబిరములోని లోటేమనగా, ఒక్కదినమున పది తప్పులు చెప్పి పంపుదురు. పదింటిని ఒక్కసారి దిద్దబోయినవాడు ఒక్కటియు దిద్దుకొనలేడు.

మరి నేను చేసినదేమి? నాలుగింటినుండి తలా కొంచెము తీసికొన్నాను. మొదట నా భార్యయే గట్టున నిలబడి ఫోనుతో ముందు నుండి, ప్రక్క నుండి నా ఈతను చిత్రము తీసినది. ఆ రాత్రి ఇద్దరమును కూర్చుండి చూచితిమి. ఆమె ఈత ఎరుగదు, అయినను చూచిన వెంటనే, "ఏమండీ, కాళ్ళు నేలను వెదకుతున్నట్టున్నవి" అన్నది. ఏ శిక్షకుడును అంత సూటిగా చెప్పలేదు. అప్పుడొక కన్నడ అమ్మాయి వద్దకు పోయినాను. ఇరువది నాలుగేండ్ల పిల్ల, పెద్దవారికి, ముఖ్యముగా భయపడువారికి నేర్పుట ఆమె పని. ఆమె నన్ను మొదటి దినము ఈదనీయలేదు. నడుములోతు నీటిలో నిలబెట్టి మొగము ముంచి ఊపిరి వదలుమన్నది, అర్ధగంట. "అంకల్, మీరు నీళ్ళతో పోట్లాడుతున్నారు. ముందు పరిచయము చేసుకోండి" అన్నది. నా కుమార్తె కన్న ఆరేండ్లు పెద్ద. నేను సిగ్గుపడక విన్నాను. విద్యలో వయసు నేర్పువానిది కాదు, నేర్చుకొనువాని అణకువది.

పదునైదు దినములకు ఒక్క పాఠము మాత్రము ఆమె వద్ద. నడుమ దినములలో నా అంతట నేను సాధన, వారమునకు మూడుమార్లు, ముప్పావు గంట. ప్రతి పాఠమునకు ఒక్క తప్పే. ఖర్చు నాలుగోవంతయినది. మొదటి నెల ఊపిరి, రెండవ నెల ఒడ్డిక, మూడవ నెల బార. ప్రక్కకు తిరిగి ఒక చేయి చాచి కాళ్ళతో సాగుట, ఒక చేయి వచ్చి కలియువరకు రెండవ చేయి ఆగుట, పిడికిలి మూసి ఈదుట, ఇట్టి చిన్న అభ్యాసములు. పిడికిలి మూసినప్పుడు ముంజేయి పని ఏమో తెలిసివచ్చును.

ఫలితమును కొలువవలెను, లేనిచో మనస్సు మోసగించును. దానికి ఖరీదైన గడియారము అక్కరలేదు. ఒకటి, ఇరువది అయిదు మీటర్లకు బారలు లెక్కించుట. నాకు మొదట 31 పట్టెను, ఆరు నెలలకు 23. రెండు, నెలకొకసారి 400 మీటర్లు, కొంత విశ్రాంతి తరువాత 200 మీటర్లు శక్తికొలది ఈది కాలము వ్రాయుట. మొదటి దానినుండి రెండవది తీసివేసి, సగము చేసిన, నూరు మీటర్లకు మనము ఎక్కువసేపు నిలుపుకొనగల వేగము సుమారుగా తెలియును. నాకు మొదట 400కు 11 నిమిషముల 40 సెకండ్లు, 200కు 5 నిమిషముల 20 సెకండ్లు. అనగా నూరు మీటర్లకు 3 నిమిషముల 10 సెకండ్లు. ఆరు నెలల పిమ్మట 400కు 9 నిమిషముల 40 సెకండ్లు, 200కు 4 నిమిషముల 32 సెకండ్లు. అనగా నూరుకు 2 నిమిషముల 34 సెకండ్లు. మంచి ఈతగాళ్ళు నవ్వుకొను లెక్కయే. కాని ఒడ్డు చేరిన తరువాత నాకు సైకిలు త్రొక్కుటకు ప్రాణము మిగిలినది, అది గొప్ప. ఈ పోటీలో ఈత గెలుచుట కాదు, ఈతలో ఖర్చు కాకుండుట ముఖ్యము. కాళ్ళు కూడ మెల్లగానే ఆడింపవలెను, వాటికి ముందు పెద్ద పని ఉన్నది.

పనిముట్ల సంగతి ఒక్కమాట. అంగడిలో చేతి ప్యాడిల్స్, కాలి ఫిన్స్, తొడల నడుమ పెట్టుకొను పుల్ బోయ్ అను బెండు దొరకును. బెండు పెట్టుకొన్న నడుము తేలును, ఈత వచ్చినదను భ్రమ కలుగును. తీసివేసిన మరల మామూలే. మా ఊరి బావిలో బెండ్లు ఎప్పుడు విప్పవలెనో పెద్దలకు తెలిసియుండెను, ఇక్కడ మనకు మనమే విప్పుకొనవలెను. బార సరికాని వారు ప్యాడిల్స్ జోలికి పోరాదు, భుజము పాడగును. ముందు మంచి గాగుల్స్ యొక్కటి చాలును.

శిక్షకుని ఎంచుకొనునప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. పెద్దవారికి నేర్పిన అనుభవ మున్నదా? నా ఈతను చిత్రము తీసి చూపుదురా? ఒకసారికి ఎన్ని తప్పులు దిద్దుదురు? పాఠముల నడుమ నేను చేయవలసినదేమి? ఈ నాలుగింటికి తిన్నగా జవాబు చెప్పువాడు పతకములు లేకున్నను గురువే. ఇంతకుముందు మన బొమ్మసంద్ర వారికి నగరములోని పెద్ద కొలనులకు పోవుట హోసూరు రోడ్డు రద్దీలో సగము దినము పని. 2025 ఆగస్టు నుండి మెట్రో పసుపు మార్గము ఆర్.వి. రోడ్డునుండి మన ముంగిటికే వచ్చినది. ఎందరో జాతీయ ఈతగాళ్ళను తయారుచేసిన బసవనగుడి ఆక్వాటిక్ సెంటర్ ఆ చివరి స్టేషనుకు దూరము కాదు. కనుక దూరమను సాకు ఇక చెల్లదు.

కొలనులో ఈత వచ్చినంత మాత్రమున సముద్రమున ఈత రాదు. అక్కడ అడుగున గీత లేదు. ఆరేడు బారలకొకసారి మొసలి వలె కన్నులు మాత్రము పైకెత్తి గురుతు చూచుకొనవలెను. ప్రక్కవాని చేయి తగులును, అల నోటిలో పడును. అట్టి సమయమున వెల్లకిల తిరిగి తేలుచు పది ఊపిరులు తీసికొనుట ముందుగానే అభ్యసింపవలెను. 2023లో నాకు ఆ ఒక్క విద్య వచ్చియున్న పడవ అక్కరలేకపోయెడిది. దీనిని సాధన చేయుటకు ఎక్కడికో పోనక్కరలేదు. కొలనులోనే నడుమ ఆగి, గోడ పట్టుకొనక, తేలి, మరల సాగవచ్చును.

ఇక్కడ మన కుర్రవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పవలెను. ఆదివారము బండ్లు వేసికొని రాతి క్వారీల గుంటలకు, చెరువులకు ఈతకు పోవుచున్నారని విన్నాను. పోవద్దు. మన చుట్టు ప్రక్కల చెరువుల నీరు ఎట్టిదో, ఒకనాడు బెళ్ళందూరు చెరువు నురుగు రోడ్డు మీదికి వచ్చినది చూచినవారికి చెప్పనక్కరలేదు. క్వారీ గుంటకు గట్టు నిలువుగా ఉండును, లోతు తెలియదు, ఎక్కుటకు పట్టు ఉండదు. "ఈతకు మించిన లోతు లేదు" అని సామెత. నిజమే, కాని ఈత ఉన్నవానికే ఆ సామెత. ఎంత వచ్చినవాడైనను ఒంటరిగా దిగరాదు. గట్టున చూచు కన్ను ఒకటి ఉండవలెను. నేను ఆనాడు చేయి ఎత్తినప్పుడు చూచినవాడొకడు ఉన్నాడు కనుకనే ఈనాడు మీ యెదుట నిలబడి ఉన్నాను.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్దలన్నారు. ఆ సామెతను గౌరవించుచునే ఒక తెలుగు సోదరి పేరు చెప్పెదను. హైదరాబాదులో నివసించు గోలి శ్యామలగారు ఆనిమేషన్ రంగమున పనిచేసినవారు. నీరన్న భయముండగా, దానిని పోగొట్టుకొనుటకే పెద్దవయసులో ఈతలో చేరినారు. 2021 మార్చిలో, నలుబది యేండ్లు ఎప్పుడో దాటిన వయసులో, శ్రీలంక తీరమునుండి మన ధనుష్కోటి వైపు పాక్ జలసంధిని, సుమారు ముప్పది కిలోమీటర్లు, పదమూడు గంటలకు పైగా ఈది దాటినారు. ఆ తరువాత 2025 జనవరి నాటికి విశాఖపట్టణమునుండి కాకినాడ దాక నూట యేబది కిలోమీటర్ల దూరమును దినమునకు కొంతచొప్పున ఈది ముగించినారు. మాను వంగును సోదరులారా, కాని విరుగకుండ వంగవలెనన్న కొంచెము కొంచెముగా, తడి చేసి వంచవలెను.

చివరగా సంఘమునకు ఒక మనవి. విడి పాఠము ఒక్కరికి భారము, నలుగురు కలిసిన భారము కాదు. ఒకే తరగతి వారు నలుగురు చేరి, ఒక శిక్షకురాలిని మాట్లాడుకొని, ఒకరి ఈతను మరొకరు చిత్రము తీసికొనిన, పైన చెప్పిన నాలుగు దారులలోని మేలంతయు తక్కువ ఖర్చులో దొరకును. షిఫ్టు పనివారికి వేళలు కుదుర్చుట నా పూచీ. ఆడవారికి వేరుగా వేళ కావలెనని నా భార్య కోరుచున్నది. పేరు కూడ ఆమెయే మొదట వ్రాసికొన్నది. పోటీల కొరకే కాదు. మన పిల్లలు సెలవులలో ఊళ్ళకు పోవుదురు, అక్కడ బావులు, కాలువలు ఇంకను ఉన్నవి.

పోయిన సంవత్సరము చివర నేను మరల అదే తీరమునకు పోయి, అదే ఒకటిన్నర కిలోమీటరు ఈది బయటికి వచ్చినాను. నాలుబది మూడు నిమిషములు పట్టినది. నా వెనుక కొద్దిమందియే ఉన్నారు. ఈసారి ముందుగా ఇంటికి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్లు చెప్పినాను. అమ్మ ఫోను తీసికొని, "నాయనా, తల తుడుచుకున్నావా?" అని అడిగినది. జలగండము మాట ఎత్తలేదు. నేనును ఎత్తలేదు.

ఉగాది పచ్చడిలో వేపపూవు చేదును ముందు రుచి చూచినవానికి బెల్లము తీపి బాగుగా తెలియును. పరాభవ అను పేరు చూచి ఎవరును జంకవద్దు. ఒకసారి ఓడినవాడు ఎందుకోడినానని అడిగి తెలిసికొనిన, ఆ ఓటమి గురుదక్షిణ లేని గురువు. మీకందరకును, మన యింటి ప్రక్కనే యుగాది జరుపుకొనుచున్న కన్నడ సోదరులకును నూతన సంవత్సర శుభాకాంక్షలు.  పిల్లలారా, ఇక బొబ్బట్లకు లేవవచ్చును.